ఏటి గట్టున చెట్టు... చేనికి కట్టుబడి!

జూన్ వస్తే రైతు మబ్బుల వంక చూస్తాడు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు రైతుకి గాలి భయం కూడా ఉంటుంది. నైరుతి గాలులు మొదలైతే చాలు... హగరి ఏటి ఇసుక లేచి చేలమీద మేట వేస్తుంది. చూస్తే రాజస్థాన్ అనుకుంటాం. కాదు, రాయలసీమే!

హగరి అసలు పేరు వేదవతి. కర్ణాటకలోని బాబాబుడన్ కొండల నీటితో మొదలై, రాయదుర్గం ప్రాంతం మీదుగా వెళ్లి తుంగభద్రలో కలుస్తుంది. ఎగువన 1907లో వాణీవిలాస సాగరం పూర్తయింది. ఆ తర్వాత గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. దిగువకు పారే నీరు తగ్గింది. 1933లో పొంగిన వాణీవిలాస సాగరం మళ్లీ పొంగింది 2022లోనే! మిగిలిన ఏళ్లలో ఏట్లో ఎక్కువగా కనిపించింది ఇసుకే.

వేళ్లే పగ్గాలు

ఈ ఇసుకను ఆపేది ఏటి గట్టు అడవి. ఏరుమద్ది, నేరేడు, కానుగ, వావిలి, ఈత... ఇవన్నీ ఆ అడవి బిడ్డలే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో ఇవి పచ్చగా ఉండటానికి కారణం ఇసుక కింది ఊట. వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి. గుబురు కొమ్మలు గాలి జోరు తగ్గిస్తాయి. వరద వస్తే కోతను తగ్గిస్తాయి. నేరేడు పండు పక్షులకు, ఈతాకు చాపలు అల్లేవారికి, కానుగ పిండి పొలానికి... అందరికీ ఎంతోకొంత వాటా ఉంటుంది.

ఊట దిగిపోతే...

ఒకప్పుడు పెన్నా, చిత్రావతి ఇసుకలో ఊటకాలువలు తవ్వి పైర్లకు నీరు పారించేవారు. ఇసుకంటే నీటిని దాచిన కొట్టు! దాన్ని లోతుగా తోడేస్తే ఊట కిందికి దిగుతుంది. మద్దిచెట్టు వేరుకు నీరందదు. చెట్టు పోయిన చోట సర్కారు తుమ్మ గుబురుకడుతుంది. కొత్త మొలకలకు చోటివ్వదు. ఇసుక తవ్వకాలకు, చెట్ల నరికివేతకు ముకుతాడు వేసేందుకే 2002లో వాల్టా చట్టం వచ్చింది. కానీ గట్టు దగ్గర కాపలా ఉండాల్సింది ఊరే.

అది అసాధ్యమేమీ కాదు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా వచ్చే పెయింటెడ్ స్టార్క్ కొంగల కోసం ఊళ్లోని చెట్లను జనమే కాపాడుకుంటున్నారు. గూళ్ల జోలికి ఎవర్నీ పోనివ్వరు. అతిథుల కోసమే అంత చేయగలిగినప్పుడు... సొంత చేను కోసం ఏటి గట్టున నాలుగు మద్దిచెట్లు నిలుపుకోలేమా?