కలివికోడి జాడ

కడప జిల్లాలో బద్వేలు, సిద్ధవటం ప్రాంతాల నడుమ లంకమల కొండలు సాగి ఉన్నవి. వాటి పాదాన ఎఱ్ఱనేలలో తుమ్మ, రేగు, కలివి పొదలు ఎడమెడముగా పెరుగుతాయి. పగలు చూచినవారికి అది మేకలు మేసే బీడు మాత్రమే. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఆ నేలకు వేరొక జీవితం ఉన్నది. గుడ్లగూబ రెక్కలు విదలుస్తుంది; అడవిపిల్లి, గుంటనక్క వేటకు బయలుదేరుతాయి. చీకటిలో పిట్ట అరిస్తే తీతువు కూసిందని, కీడు తప్పదని ఊరివారు అనుకొనడం వాడుక. కాని చీకటిలో కూసినదంతా తీతువు కాదు. దుమ్ములో జాడ విడిచినదంతా కౌజు కాదు. చెదపురుగులను, చీమలను వేటాడుతూ అదే నేలపై పరుగులు తీసే చిన్న పక్షి మరొకటి ఉన్నది. దానిని కలివికోడి అంటారు. ఈ రాత్రి వేటగాని గుర్తించడానికి మనుష్యులు పడిన శ్రమ చదువరులు తెలిసికొనదగినది.

కలివికోడి జానెడుకన్న కొంచెం పెద్దది. ముక్కు నుండి తోక వరకు సుమారు 27 సెంటీమీటర్లు. ఎగురగలదు గాని నేలపై నడకే దానికి ఇష్టం. రొమ్ముపై రెండు గోధుమవన్నె పట్టెలు, వాటి నడుమ తెల్లని గీత, గొంతుపై నారింజవన్నె మచ్చ, చీకటికి తగిన పెద్ద కన్నులు దాని లక్షణాలు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ దీనిని శాస్త్రలోకానికి తెలిపినాడు. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ దానిని వర్ణించి నామకరణం చేసినాడు. జెర్డన్ తెలుగువారి నోట విని "అడవి ఉత్తతిత్తి" అనే పేరును తన గ్రంథంలో చేర్చుకొన్నాడు. అనగా పండితులు చూడకముందే ఈ పక్షికి తెలుగులో పేరు ఉన్నది. పేరు పెట్టినవారికి దాని ఉనికి తెలిసియే ఉన్నది.

1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత ఈ పక్షి శాస్త్రజ్ఞుల కంటికి మరల చిక్కలేదు. దాదాపు ఎనుబదియారు సంవత్సరాలు గడచినవి. మధ్యలో వెదకినవారికి నిరాశయే మిగిలినది. అది నశించిపోయినదనే భావన క్రమంగా స్థిరపడినది. పగలు పొదల నీడలో కదలక మెదలక ఉండి, రాత్రి మాత్రమే తిరిగే ప్రాణిని పగటి వెలుగులో వెదకితే దొరకదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ రెంటికీ గల భేదాన్ని కలివికోడి కథ స్పష్టంగా చూపుతుంది.

1980ల నడుమ బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ ప్రాంతానికి వచ్చి ఊరివారిని విచారింప మొదలుపెట్టినారు. రాత్రివేళ దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానికులు అటువంటి పక్షిని ఎరుగుదుమన్నారు. 1986 జనవరిలో లంకమల పాదానగల రెడ్డిపల్లె దగ్గర స్థానికుడైన ఒక వేటగాడు రాత్రి దానిని ప్రాణాలతో పట్టి తెచ్చినాడు. వార్త అందగానే ఎనుబది తొమ్మిదేండ్ల సలీం అలీ రాత్రికి రాత్రి ప్రయాణం సాగించినారు. పట్టుబడిన పక్షి మాత్రం బ్రతకలేదు. 1988లో భారత తపాలాశాఖ కలివికోడి బొమ్మతో బిళ్ళను విడుదల చేసినది. అదే సంవత్సరం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది.

ఇక్కడ ఒక చిక్కు తలయెత్తినది. పట్టుకొంటే బ్రతకని ప్రాణిని పట్టుకొనక గుర్తించడం ఎట్లు? కర్నూలు సీమలోని నల్లమలలో పెద్దపులి విషయంలోనూ ఇదే ప్రశ్న. అక్కడ పూర్వం అటవీశాఖవారు దుమ్ములోని అడుగుజాడలను పరిశీలించి పులులను లెక్కించేవారు. నేడు జంతువు ఎదుటికి రాగానే తనంతట తానే ఛాయాచిత్రం తీసే కెమెరాలను దారుల వెంబడి అమర్చుతున్నారు. మనిషి వ్రేలిముద్రవలె ఏ పులి చారలు దానివే. చారలను పోల్చి ఏ పులి ఏదో చెప్పగలరు. కలివికోడి విషయంలో అంతదూరం పోనక్కరలేదు. అసలు అది ఆ చోట ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న.

2000 సంవత్సరం తరువాత పి. జెగనాథన్, ఆయనతో పనిచేసిన భారత, బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దీనికి తేలికైన ఉపాయం సాధించినారు. పొదల నడుమ ఖాళీలలో మెత్తని మన్ను పట్టీలుగా పరచి, చదును చేసి, మరల వచ్చి జాడలను చూచేవారు. కలివికోడి పాదానికి మూడు వ్రేళ్ళే. మూడును ముందుకే ఉంటాయి, వెనుక వ్రేలు ఉండదు. కౌజు, కముజులకు వెనుక వ్రేలు ఉన్నది. అంతమాత్రం చాలదు. వెనుక వ్రేలు లేని పక్షులు మరికొన్ని ఆ బీడులోనే తిరుగుతాయి. కనుక జాడ కొలతను, వ్రేళ్ళ ఎడమును సరిచూడవలసి వచ్చినది. జాడలు పడిన తావుల కెమెరాలు అమర్చి, జాడ చెప్పినదానిని చిత్రంతో ధ్రువపరచుకొన్నారు.

పిమ్మట కూత తోడైనది. సూర్యాస్తమయం తరువాత సుమారు ముప్పావు గంటకు కలివికోడి రెండేసి స్వరాలుగా, ఇంచుమించు సెకనుకొక పర్యాయం, వరుసగా కూస్తుంది. అది కొన్ని నిమిషాల ముచ్చటే, ఆపైన నిశ్శబ్దం. ఆ కొద్ది నిమిషాలలో చెవి ఒగ్గి ఉన్నవారికే అది తెలుస్తుంది. రికార్డు చేసిన కూతను వినిపించి, బదులు పలుకుతుందేమోనని వినడం మరొక పద్ధతి.

ఇట్టి జాగ్రత్త అడవిలోనే కాదు, ఇంటిలోని గాజుతొట్టికి కూడ అవసరమే. ఉప్పునీటి తొట్టెలలో పవడపు జీవులను పెంచేవారు కొందరు ఉదయాన లేచి చూచేసరికి ఒక పవడపు కొమ్మ కొరికివేయబడి ఉంటుంది. చిన్న చేప కానరాదు. రాతి సందులలో దాగి రాత్రి వెలువడే పీతయో, పురుగో దోషి అయి ఉండవచ్చును. వారు దీపాలార్పిన తరువాత ఎఱ్ఱని మందకాంతిలో తొట్టెను కనిపెడతారు. ఆ వెలుగును చాల సముద్రప్రాణులు అంతగా పట్టించుకొనవు. ఎరవేసిన సీసాలను ఉంచుతారు. కాని చచ్చిన చేప చుట్టూ మూగిన ముళ్ళపురుగునే హంతకిగా నిర్ణయిస్తే తరచు పొరబాటవుతుంది. అది చాలవరకు చచ్చినదానిని తిని నీటిని శుభ్రపరచేది. కనబడినదానికల్లా నేరం అంటగట్టరాదు, కనబడనిది లేదనరాదు. తొట్టెకైనా, లంకమలకైనా ఇదే సూత్రం.

గుర్తింపు ఎంత ఆలస్యంగా జరుగవచ్చునో తెలిపే మరొక ఉదంతం ఉన్నది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పశువైద్యుడొకరు సేకరించిన గ్రుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలకు చేరి, అక్కడనే మరుగున పడి ఉన్నది. 2013లో దానిని గమనించి, పాత నమూనాల జన్యుపదార్థంతో పోల్చి చూడగా అది కలివికోడి గ్రుడ్డని రుజువైనది. లోకానికి తెలిసిన కలివికోడి గ్రుడ్డు అదొక్కటే.

ఇంత శ్రమ దేనికని విద్యార్థులు అడుగవచ్చును. జాడలు దొరికిన చోట్లను లెక్కవేసినప్పుడు ముఖ్యమైన సంగతి బయటపడినది. పొదలు మరీ దట్టమైనా, మరీ పలుచనైనా ఈ పక్షి ఉండదు. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పొదలు 300 నుండి 700 వరకు ఉన్న నేల దానికి అనుకూలం. పశువులు మితంగా మేయడం, ఊరివారు మితంగా కట్టెలు కొట్టుకొనడం వలన అటువంటి ఎడం నిలుస్తుంది. మితిమీరితే పొద నశిస్తుంది. బొత్తిగా మానితే పొద కమ్ముకొంటుంది. పనికిమాలిన బీడని తలచే నేలను గొఱ్ఱెలకాపరి, కలివికోడి కలిసి అనుభవిస్తున్నారన్నమాట.

ఆ నేలకు ఆపద వచ్చినది నీటి రూపంలోనే. శ్రీశైలం జలాశయపు కృష్ణానీటిని కర్నూలు సీమలోని పోతిరెడ్డిపాడు వద్ద గ్రహించి, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం మీదుగా నెల్లూరు సీమకు, అటనుండి మద్రాసుకు చేర్చేది తెలుగుగంగ కాలువ. వాన మొగమెరుగని రాయలసీమ రైతుకు ఆ నీరు ప్రాణం. దానిని ఎవరు కాదనగలరు? అయితే 2005లో కాలువ పనుల యంత్రాలు కలివికోడి తిరిగే పొదలను కొంతమేర పెకలించినవి. జాడలను, కూతలను గుర్తించి ఉంచిన లెక్కలు ఆనాడు సాక్ష్యం పలికినవి. కాలువ దారి మార్చబడినది. నీరు రైతుకు, పొద పక్షికి దక్కే మార్గం వెదకగలిగినది ఆ గుర్తింపు వలననే. పేరు తెలియని ప్రాణి కొరకు ఏ కాలువ దారి మారుతుంది?

ఆ తరువాత చాలఏండ్లు కలివికోడి నిశ్చయంగా కనబడలేదు. 2025 ఆగస్టులో కడప ప్రాంతాన దాని కూత మరల రికార్డయినదని వార్తలు వెలువడినవి. ఇప్పుడు ఉత్సాహం ఎంత అవసరమో నిగ్రహమూ అంత అవసరం. దీపాలు పట్టుకొని పొదలు తొక్కడం, రికార్డు కూతను పదేపదే వినిపించి పక్షిని కలవరపెట్టడం మేలు చేయవు. లంకమల చుట్టుప్రక్కల ఉపాధ్యాయులు చేయగల పని వేరే ఉన్నది. ఊరిలోని కాపరులకు, పెద్దలకు తెలిసిన రాత్రిపిట్టల పేర్లు, కూతలు, తావులు పిల్లలచేత వ్రాయించవచ్చును. మూడు వ్రేళ్ళ జాడకు, నాలుగు వ్రేళ్ళ జాడకు గల భేదం బడి ముంగిటి దుమ్ములోనే నేర్పవచ్చును. 1986లో శాస్త్రజ్ఞులకు దారి చూపినది ఊరివారి ఎరుకయే. ఆ ఎరుక వ్రాతలో నిలిచితే రేపటి అన్వేషకుడు ఎనుబదియారేండ్లు వేచియుండనక్కరలేదు.