ఎవరెస్టు మీద శంకరన్ ఫొటో

2014 మే 25. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ ఉదయం ఎవరెస్టు కొన మీద ఇద్దరు గురుకుల విద్యార్థులు నిలబడ్డారు. ఒకరు పదమూడేళ్ల పదకొండు నెలల మాలావత్ పూర్ణ. మరొకరు ఖమ్మం జిల్లా సైకిల్ మెకానిక్ కొడుకు సాధనపల్లి ఆనంద్ కుమార్. జాతీయ జెండాతో పాటు వాళ్లు రెండు ఫొటోలు పట్టుకెళ్లారు. ఒకటి అంబేడ్కర్‌ది. రెండోది ఎస్.ఆర్. శంకరన్‌ది.

ఆ రెండో ఫొటో అంత ఎత్తుకు ఎందుకు వెళ్లింది? జవాబుకు ముందు పూర్ణ ఊరు చూడాలి.

కొండల నడుమ పల్లెల్లో పుట్టిన పిల్లల చదువు, కొలువుల గురించి రాయాలంటే ఎవరైనా ఏజెన్సీలోని ఉట్నూరుకో పాడేరుకో బయల్దేరతారు. ఈ కథకు బాన్సువాడ చాలు. మంజీర పక్కన, నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ఊరిది. అక్కడి నుంచి గాంధారి మీదుగా సిరికొండ వైపు పోతే కాలువలు వెనకబడతాయి. గుట్టలు, అడవి, లంబాడా తండాలు ఎదురవుతాయి. పూర్ణ పుట్టిన పాకాల ఆ సిరికొండ మండలంలోదే. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. ఆమె చదువుకున్నది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో.

ఆ గురుకులాల వెనకున్న మనిషే శంకరన్. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక దాన్ని కాగితం మీద వదిలేయకుండా పల్లెల్లోకి తీసుకెళ్లి, వెట్టి కూలీల విడుదలకు పూనుకున్నారు. సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నప్పుడు దళిత, గిరిజన పిల్లలకు ఉండి చదువుకునే బడులు కావాలని పట్టుబట్టారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో పెద్ద భాగం పేద పిల్లల చదువులకే పెట్టారు. 1987లో తూర్పుగోదావరి మన్యంలో నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయనా ఒకరు. ఏళ్ల తర్వాత ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చల కోసం పాటుపడిందీ ఆయనే. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరులో కన్నుమూశారు. తన ఫొటో ఎవరెస్టు ఎక్కడం ఆయన చూడలేదు.

చరిత్ర క్లుప్తంగా ఇదీ: 1971లో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు హయాంలో నాటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఆ తర్వాత గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలూ తోడయ్యాయి.

పూర్ణ కాలానికి గురుకులాల కార్యదర్శి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. భువనగిరి గుట్ట మీద శేఖర్ బాబు శిక్షణలో గురుకుల పిల్లలు రాళ్లెక్కడం నేర్చుకున్నారు. వాళ్లలోంచి కొందరు డార్జిలింగ్ వెళ్లారు, ఆపైన లడఖ్ చలిని తట్టుకున్నారు. వడపోతలన్నీ దాటి మిగిలింది ఇద్దరే. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. వెనక్కి వచ్చేయవచ్చని పెద్దలు చెప్పినా పిల్లలు ముందుకే కదిలారు.

ఈ కథలో శిఖరాన్నే ఎక్కువగా పొగిడితే అసలు సంగతి మరుగున పడుతుంది. శిఖరం ఇద్దరికే దక్కింది. బడి వేలమందికి దక్కింది. పూట పూటకూ తిండి, తలకింద దిండు, చదువు చెప్పే టీచరు ఒకేచోట దొరకడమే తండా ఆడపిల్లకు మొదటి గెలుపు. పత్తి ఏరే రోజుల్లోనూ, అమ్మానాన్న వలస పోయిన నెలల్లోనూ ఆమె చదువు ఆగదు. పూర్ణ ఆ తర్వాత అమెరికాలోని మిన్నెసోటా స్టేట్ యూనివర్సిటీలో కొంతకాలం చదివింది. 2022 జూన్ 5న డెనాలీ ఎక్కి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. వీటన్నిటికీ పునాది తాడ్వాయి బడిలో ఒక సీటు.

చిక్కు ఇంటర్ తర్వాతే. అప్పటిదాకా పట్టుకున్న చెయ్యి అక్కడ వదిలేస్తే అమ్మాయి పెళ్లిపీటల వైపు, అబ్బాయి అడ్డా కూలి వైపు మళ్లుతారు. అందుకే 2016లో మొదలైన 30 సాంఘిక సంక్షేమ మహిళా డిగ్రీ గురుకులాలు ఎవరెస్టు కంటే చిన్న వార్త కాదు.

తండా తల్లిదండ్రులకు నాలుగు దారులు

ఐదో తరగతి: సాంఘిక, గిరిజన, బీసీ గురుకులాలకు కలిపి ఒకే ప్రవేశ పరీక్ష.

ఆరో తరగతి: కేంద్ర ప్రభుత్వ ఏకలవ్య పాఠశాలలు. బాన్సువాడకు చేరువలో గాంధారిలో ఒకటుంది.

డిగ్రీ: మహిళా డిగ్రీ గురుకులాలు. సైన్యంలో చేరాలనుకునే అమ్మాయిలకు యాదాద్రి భువనగిరి జిల్లాలో ప్రత్యేక కళాశాల.

విశ్వవిద్యాలయం: ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో హామీ ఇచ్చినా, పార్లమెంటు చట్టం చేసింది 2023 డిసెంబరులో.

బాన్సువాడ చుట్టుపక్కల టీచర్లకు, చదువుకున్న యువతకు ఒక విన్నపం. ఈసారి గురుకుల నోటిఫికేషన్ రాగానే మీకు దగ్గరి తండాకు ఒక్కసారి వెళ్లండి. నాలుగో తరగతి పిల్లల పేర్లు రాసుకోండి. దరఖాస్తు నింపి పెట్టండి. పరీక్ష రోజు వాళ్లను సెంటరు దాకా తీసుకెళ్లండి.