వట్టికాళ్ళతో పరుగు మంచిదేనా?

పొద్దున్నే నాలుగు రౌండ్లు నడవడం, ఓపికుంటే కాస్త పరుగెత్తడం మన ఆడవాళ్ళకీ అలవాటవుతోంది. సంతోషమే. కాని బూట్ల కొట్టుకి వెళ్ళి ధరలు వింటే గుండె గుభేలుమంటుంది. "బూట్లెందుకమ్మా, వట్టికాళ్ళతో పరుగెత్తితేనే మంచిదట!" అనేవాళ్ళు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు. ఆ మాటలో నిజమెంతో చూద్దాం.

ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోము ఒలింపిక్స్‌లో 42 కిలోమీటర్ల పైచిలుకు మారథాన్‌ను వట్టికాళ్ళతో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. ఇది అందరూ చెప్పేదే. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని, అంతకంటే మూడు నిమిషాలు తక్కువలో పూర్తిచేసి మళ్ళీ గెలిచాడన్నది మాత్రం చాలామంది చెప్పరు. కనుక గెలుపు బూట్లలోనూ లేదు, వట్టికాళ్ళలోనూ లేదు.

మరి తేడా ఎక్కడుందంటారా? బూటు మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. అందుచేత చాలామంది పరుగులో ముందు మడమనే మోపుతారు. వట్టికాలితో గట్టి నేలమీద అలా మోపితే మడమ నొప్పెడుతుంది. అప్పుడు పాదం ముందుభాగాన్ని ఆన్చడం, అడుగులు దగ్గరదగ్గరగా వేయడం మెల్లగా అలవాటవుతుంది. ఇలా పరుగెత్తేవారికి నేలనుంచి ఒక్కసారిగా తగిలే దెబ్బ బాగా తక్కువని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు 2010లో చూపించారు.

అయితే దెబ్బ తగ్గిందని భారం మాయమైపోదు సుమండీ! నీళ్ళబిందె ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకున్నట్టే. మోకాలిమీద కాస్త తగ్గిన భారం పిక్కమీద, మడమ వెనక నరంమీద, పాదంలోని సన్నటి ఎముకలమీద పడుతుంది. 2013లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మామూలు బూట్లు మాని పల్చటి అట్టబూట్లకు మారిన 19 మందిలో 10 మందికి పది వారాలలోనే పాదం ఎముకల లోపల వాపు పెరిగింది.

కనుక సరదా పడేవారు తొందరపడకూడదు. ముందు ఇంట్లో, డాబామీద వట్టికాళ్ళతో నడవండి. మునివేళ్ళమీద లేచి దిగడం రోజూ చేయండి. తర్వాత శుభ్రమైన మట్టి నేలమీదో, పచ్చికమీదో అయిదు నిమిషాలు, అదీ రోజు విడిచి రోజు. పిక్కలు పట్టేస్తే ఆపేయండి. పాదం మీద ఒకేచోట నొక్కితే నొప్పి ఉంటే డాక్టరుకి చూపించండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. షుగరున్నవాళ్ళు ఈ ప్రయోగం జోలికే పోవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఆ చిన్న పుండే ముదిరి కాలు తీసేసేదాకా వచ్చిన సంసారాలున్నాయి. పెంకులు, మేకులు, కొంకిపురుగులున్న మురికి నేల ఎవరికీ మంచిది కాదు.

బూట్లే కొనదలిస్తే ఖరీదు చూడకండి, కాలు చూడండి. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడు కొనండి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ, వేళ్ళు కదలడానికి చోటు ఉంటే చాలు. ఇంటిల్లిపాదికీ పరుగులు తీసే పాదాలు మనవి. వాటి బాగు చూసుకోవడం మన విధి కాదూ?