ఆ చిట్టి చేతులకు ఏమైంది?

పుట్టినప్పుడు పాప చక్కగానే ఉంటుంది. బోర్లాపడుతుంది, పాకుతుంది, 'అత్త... తాత' అంటూ నాలుగు ముద్దుమాటలు నేరుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర వచ్చేసరికి ఒక్కొక్కటిగా మరచిపోవడం మొదలవుతుంది. మాటలు పోతాయి. బొమ్మను పట్టుకున్న వేళ్లు పట్టు తప్పుతాయి. రోజంతా చేతులు కడుక్కుంటున్నట్టు రుద్దుకుంటూనే ఉంటుంది. దిష్టి తగిలిందంటారు ఇరుగుపొరుగు. తన పెంపకంలోనే లోపమేమోనని కుమిలిపోతుంది తల్లి.

దీని పేరు రెట్ సిండ్రోమ్. దాదాపు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

పదహారేళ్ల వేట

1954లో వియన్నాలో డాక్టర్ ఆండ్రియాస్ రెట్ దగ్గరికి ఇద్దరు బాలికలు వచ్చారు. ఇద్దరి చేతులూ అచ్చం ఒకేలా కదులుతుండటం ఆయన కంటపడింది. 1966లో దాని గురించి రాసినా పట్టించుకున్నవాళ్లు తక్కువే. 1983లో స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బర్గ్ బృందం రాసిన వ్యాసంతోనే ఈ జబ్బు సంగతి ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇలాంటి పాపను చూసిన డాక్టర్ హుదా జోగ్బీ, కారణం తేల్చాలని పట్టుబట్టారు. 1999లో ఆమె బృందానికి దొరికింది... ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎంఈసీపీ2 జన్యువులో లోపం! నాడీకణాల్లో మిగతా జన్యువుల పనిని అదుపుచేసే ప్రొటీన్ దీన్నుంచే తయారవుతుంది. చాలామందిలో ఈ లోపం వంశపారంపర్యం కాదు, కొత్తగా పుట్టుకొచ్చేదే. కాబట్టి ఇందులో అమ్మానాన్నల తప్పేమీ లేదు.

మళ్లీ నడిచిన ఎలుకలు

2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, ఈ జన్యువు పనిచేయక జబ్బుపడ్డ ఎలుకల్లో దాన్ని తిరిగి పనిచేయించింది. చావుకు దగ్గరైన ఎలుకలు కూడా కోలుకున్నాయి! అంటే నాడీకణాలు చచ్చిపోలేదు, పని ఆపేశాయంతే.

మరి పిల్లలకూ ఆ జన్యువును అందించొచ్చుగా? చిక్కల్లా మోతాదుతోనే. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా కూర పాడైనట్టు, ఈ ప్రొటీన్ ఎక్కువైనా మెదడుకు ముప్పే. అందుకే జన్యుచికిత్స ప్రయోగాలు ఆచితూచి సాగుతున్నాయి. 2023 మార్చిలో అమెరికా అనుమతించిన ట్రోఫినెటైడ్ ఈ జబ్బుకు తొలి మందు. అది కొన్ని లక్షణాలను తగ్గిస్తుందే కానీ నయం చేయదు.

రక్తంతో చేసే జన్యుపరీక్షతో ఈ లోపాన్ని గుర్తించొచ్చు. వచ్చిన మాటలు, చేతిపనులు పోతుంటే 'అవే వస్తాయిలే' అని ఊరుకోవద్దు. వెంటనే పిల్లల నరాల వైద్యులకు చూపించాలి. జబ్బు పేరు తెలిస్తే... కనీసం ఆ తల్లి తనను తాను తిట్టుకోవడం ఆగుతుంది.