గోమారి కరిస్తే ఏం చేయాలి?

“పసుపు పెట్టినం సారూ, పుండు మానింది. జరానికి మందియ్యుండ్రి” అన్నది ఆ ముసలమ్మ. దామరచర్ల దగ్గరి పల్లె నుంచి పన్నెండేళ్ల మనవణ్ణి తీసుకొచ్చింది. అయిదు రోజులుగా విడవని జ్వరం, తలనొప్పి. మలేరియా, టైఫాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. పసుపు మాట నేనూ పట్టించుకోలేదు. మర్నాడు అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రని మచ్చలు కనిపించాయి. చంకలో ఎండిన పసుపు ముద్దను తడిపి తీస్తే, కింద నిప్పు అంటినట్టు నల్లని పక్కు ఉన్నది. గొర్రెల దొడ్డిలో గోమారి పట్టిందని అప్పుడు చెప్పారు. తగిన మందు పడ్డాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ ఒక్కరోజు ఆలస్యం మాత్రం నాదే.

గోమారినే పిడుదు అని కూడా అంటారు. ఇది పల్లెవారి బెడదే అనుకోకండి. పట్నంలో పెంపుడు కుక్క ఉన్న ఇంట్లోనూ ఉంటుంది. అన్ని గోమార్లూ జబ్బు తేవు. కొన్నింటి వల్ల టిక్ టైఫస్ జ్వరం వస్తుంది. దీనికి దగ్గరి చుట్టమైన స్క్రబ్ టైఫస్, పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులను, మనుషులను బలిగొన్న జ్వరమూ గోమార్ల ద్వారా వచ్చినదే.

తీయడం ఎలా?

సన్నని పట్టకారుతో గోమారిని చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేళ్లతో చిదమడం వద్దు. తరువాత సబ్బునీళ్లతో కడిగి, ఆ తేదీ కాగితంమీద రాసి పెట్టుకోండి.

ఆకులు, పసర్లు

వేపాకు వేసి కాచి చల్లార్చిన నీటితో ఆ చోటు కడగవచ్చు. దురదకు చల్లని తడిగుడ్డ వేయవచ్చు. తులసి కషాయం తాగితే గొంతుకు హాయిగానే ఉంటుంది. కాని ఇవేవీ రక్తంలో చేరిన క్రిమిని చంపలేవు. జిల్లేడు పాలు, సున్నం అసలే పూయవద్దు, చర్మం పుండవుతుంది. పసుపు ముద్దతో గాయాన్ని కప్పేయకండి. ఆ నల్లని పక్కే డాక్టరుకు దొరికే పెద్ద ఆనవాలు.

ఎప్పుడు రావాలి?

కరిచిన మూడు వారాల లోపల జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, దద్దుర్లలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి రండి. టైఫస్ జ్వరాలకు డాక్సీసైక్లిన్ అనే పాత, చవకైన మందు బాగా పనిచేస్తుంది. మోతాదు డాక్టరే నిర్ణయించాలి. గర్భిణులైతే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణంమీదికి రావచ్చు.

పశువుల కొట్టం నుంచో, పొలం నుంచో వచ్చాక చంకలు, గజ్జలు, చెవుల వెనక ఒకసారి చూసుకోండి. జ్వరంతో ఆస్పత్రికి వచ్చినప్పుడు “గోమారి పట్టింది” అన్న ఒక్క ముక్క, డాక్టరు అడగకపోయినా, మీరే చెప్పండి.