వార్తల్లో పదం: పోర్టు ఘర్షణ

ఇంటి కంప్యూటర్‌లో అపాచీ వంటి వెబ్ సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసినప్పుడు, ఫైళ్లన్నీ సక్రమంగా చేరినా సర్వర్ మొదలు కాకుండా ఆగిపోవడానికి తరచుగా కారణమయ్యే స్థితిని పోర్టు ఘర్షణ అంటారు.

కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా వచ్చే సమాచారం ఏ ప్రోగ్రామ్‌కు చేరాలో తెలిపే సంఖ్య పోర్టు. ఇది 16 బిట్ల సంఖ్య కాబట్టి 0 నుంచి 65,535 వరకు ఉంటుంది. వెబ్ పేజీలను అందించే హెచ్‌టీటీపీకి 80, దాని సురక్షిత రూపమైన హెచ్‌టీటీపీఎస్‌కు 443, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు 3306 సాధారణంగా వాడుకలో ఉన్నాయి. ఒక ప్రోగ్రామ్ అధీనంలో ఉన్న పోర్టు మామూలుగా మరొకదానికి దక్కదు.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్ ముందే 80వ పోర్టులో నడుస్తుంటే అపాచీకి చోటుండదు. దోష సందేశంలో 10048 కనిపిస్తే పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందని, 10013 కనిపిస్తే అనుమతి దొరకలేదని అర్థం. వేరొక ప్రోగ్రామ్ పోర్టును ప్రత్యేక హక్కుతో పట్టి ఉంచినా ఈ రెండో సంకేతమే రావచ్చు.

కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ ఆదేశాన్ని ఏ, ఎన్, ఓ అనే ఐచ్ఛికాలతో నడిపితే ఏ పోర్టును ఏ ప్రక్రియ వాడుతున్నదో దాని గుర్తింపు సంఖ్యతో తెలుస్తుంది. ఆ సంఖ్యను టాస్క్ మేనేజర్‌లో చూసి ప్రోగ్రామ్ పేరు తెలుసుకోవచ్చు. అవసరం లేని సర్వీసైతే దాన్ని నిలిపివేయాలి. అవసరమైనదైతే అపాచీ కాన్ఫిగరేషన్ ఫైల్‌లోని ‘లిజన్’ పంక్తిలో 80 స్థానంలో 8080 రాసి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తర్వాత కోలన్‌తో అదే సంఖ్య ఇవ్వాలి.

పోర్టు ఖాళీ కానంతవరకు సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు తొలగించి తిరిగి ఇన్‌స్టాల్ చేసినా ఫలితం మారదు కనుక, దోష సందేశాన్ని పూర్తిగా చదవడమే మరమ్మతులో మొదటి మెట్టు.