కొరుకుడుపడని ముడి

పట్టుపురుగుల గదిలో రాత్రిపూట నిలబడితే సన్నటి వానచప్పుడు వినిపిస్తుంది. వాన కాదది, వేల పురుగులు మల్బరీ ఆకు నములుతున్న చప్పుడు. అంచున మొదలుపెట్టి నమిలి నమిలి ఈనె మాత్రం వదిలేస్తాయి.

మన కణాల్లోనూ ఇలా నమిలేదొకటి ఉంది. పేరు ఎక్స్‌ఆర్‌ఎన్‌1. పురుగు కాదు, ఎంజైము. కబురు మోసి పని తీరిపోయిన ఆర్‌ఎన్‌ఏ పోగును ఒక కొస పట్టుకుని ఒక్కో అక్షరమే తుంచుకుంటూ తినేస్తుంది. అది లేకపోతే కణమంతా నిన్నటి కబుర్లే.

డెంగీ వైరస్‌ది ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, సుమారు 10,700 అక్షరాలు. ఎక్స్‌ఆర్‌ఎన్‌1 నోట పడితే అదీ ఆకే. కానీ తోక దగ్గరికొచ్చేసరికి నమలడం ఠక్కున ఆగిపోతుంది. అక్కడొక ముడి. 2014లో కొలరాడో విశ్వవిద్యాలయంలో జెఫ్రీ కీఫ్ట్ బృందం, డెంగీకి చుట్టమైన ముర్రే వ్యాలీ వైరస్‌లోని ఇలాంటి ముడినే స్ఫటికం చేసి ఎక్స్‌రేలతో చూసింది. పోగు ఉంగరంలా చుట్టుకుంది, ఆ ఉంగరంలోంచే దాని ముందు కొస దూరి బయటికొస్తోంది. ఎంజైము లాగితే ఉంగరం దాని మూతికి అడ్డం పడుతుంది, చేంతాడు ముడి గిలకలో ఇరుక్కున్నట్టు. వైరస్ నకళ్లు తీసే యంత్రం మాత్రం రెండో కొస నుంచి వస్తుంది. దానికి ముడి ఇట్టే విడిపోతుంది. జారుముడి వేసినవాడికి తెలియదా, ఏ కొస లాగాలో! డెంగీ ఇలాంటివి రెండు వేసుకుంది, ఒకటి ఊడినా ఇంకొకటి ఉండాలని కాబోలు.

మిగిలిన ఈనె సుమారు 400 అక్షరాల ముక్క. నన్ను ముక్కున వేలేసుకునేలా చేసింది అదే. మన ఎంజైము ఎంగిలే వైరస్‌కు ఆయుధం. ఆ ముక్క ఎక్స్‌ఆర్‌ఎన్‌1 గొంతుకే అడ్డం పడుతుంది, దాంతో కణం తన చెత్త తాను ఎత్తిపోసుకోలేదు. 1994లో ప్యూర్టోరికోలో చెలరేగిన డెంగీ రకం ఈ ముక్కల్ని మరీ ఎక్కువగా పోగేసేది. అవి ట్రిమ్‌25 అనే కాపలా ప్రోటీన్‌కు అతుక్కుని, వైరస్ చొరబడిందని చాటే ఇంటర్‌ఫెరాన్ కేక బయటికి రాకుండా నొక్కేశాయి. డెంగీ సోకిన దోమ లాలాజల గ్రంథుల్లోనూ ఇవే ముక్కలు పేరుకుని, దాని రోగనిరోధక శక్తిని జోకొడతాయి.

ఆ ముడి విప్పే మందు ఇంకా మందులషాపులకు రాలేదు. ఈలోగా ఆ దోమ పెరగకుండా కూలర్ అడుగున నిలిచిన నీళ్లు పారబోయండి.